మావయ్యకి వచ్చిన పగటిచీకటి

మా మావయ్య పోయాడన్న కబురు నాకు ఫోనులో మెసేజిగా వచ్చింది. పంపింది ఆయన కూతురు, మా వదిన. "నాన్న ఎల్లిపోనారు. నిద్దట్లోనే. బేగి రా" అని అంతే ఉంది. విశాఖపట్నంలో మా బడిలో పిల్లలకి పరీక్ష పెట్టి కుర్చీలో కూర్చున్నాను. చదివి, ఫోను బోర్లా పెట్టి, మళ్లీ తిప్పి చదివాను. ఈలోగా ఒక పిల్ల లేచి ఇంకో కాగితం కావాలంటే ఇచ్చాను. అది "థాంక్యూ మేడమ్" అన్నాక నాకు ఏడుపొచ్చింది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. బొబ్బిలి దగ్గర్నుంచి మా తాత బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. మా ఇల్లు న్యూ సెటిల్‌మెంటులో ఉండేది. మావయ్య క్వార్టరు ట్రాఫిక్ అనే ఇంకో రైల్వే పేటలో. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్న భోజనం మాత్రం అందరికీ మావయ్య ఇంట్లోనే. ఆయన ఇంజన్ డ్రైవరు. ఇప్పుడు వాళ్లని లోకో పైలట్లు అంటున్నారు గానీ, ఆ మాట ఆయనకి గిట్టేది కాదు. "పైలట్ అంటే ఇమానం నడిపేవోడు. ఆల అవస్తలు ఆలకుంటాయి, మనకెందుకు?" అనేవాడు. ఆ అవస్థలు ఆయనకెలా తెలుసో, అవే వచ్చి ఆయన నెత్తిన ఎలా కూర్చున్నాయో చెప్పుకుంటే తప్ప నాకు ఈ దుఃఖం తీరేలా లేదు.

ముందు మావయ్య పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంజన్‌లో సిగ్నల్ కనపడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తనూ చూసి అదే రంగు తిరిగి చెప్పాలి. ఇది రైల్వే వాళ్ల నియమం. దీన్ని మావయ్య ఇంట్లోకి కూడా తెచ్చేశాడు. అత్త "అన్నం పెట్టేసినాను" అంటే, "అన్నం పెట్టేసినావు" అని పైకి అంటేనే గానీ లేచి వచ్చేవాడు కాదు. పాలు పొంగుతుంటే "రెడ్!" అని కేకేసేవాడు. ఇంట్లో ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు "రెడ్!" అని బదులివ్వాలి, ఆ తర్వాతే పొయ్యి దగ్గరికి పరిగెత్తాలి. ఈలోపు పాలు పొయ్యిలో పడేవి. "సూసింది నోటితో సెప్పాల, సెప్పింది సెవితో ఇనాల. అప్పుడే అది నిజం" అనేది ఆయన సిద్ధాంతం. పాలు పొంగితే అరవడం మానేసి గిన్నె దించాలనేది అత్త సిద్ధాంతం. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈ రెండూ ఎక్కడా కలవలేదు.

మా ఊరి పక్కనే వాయుసేన విమానాల స్థావరం ఉంది. చర్చిలో పాట మధ్యలో నెత్తి మీంచి విమానం వెళితే పాట ఆపి, అది పోయాక అదే చరణం మళ్లీ అందుకోవడం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. తొంభైల మొదట్లో, ఒక క్రిస్మస్ ఆరాధనకి అక్కణ్నుంచి ఒక తెలుగు ఆఫీసరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, విమానం నడిపేవాడు. తెలుగు పాట విని ఎన్నాళ్లయిందో, చివరి బెంచీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. మావయ్య వెళ్లి చెయ్యి పట్టుకుని భోజనానికి లాక్కొచ్చేశాడు. అత్త కోడికూర మీద కోడికూర వడ్డించింది. వెళ్లేటప్పుడు ఆయన తన నల్లద్దాలు తీసి మావయ్య చేతిలో పెట్టాడు.

"ఉంచుకోండి బ్రదర్. పోలరైజ్డ్ అద్దాలు. నీళ్ల మీద, పట్టాల మీద ఎండ మెరుస్తుంది చూశారూ, అది కళ్లకి కొట్టదు. మాకు కొత్త విమానాలు వస్తున్నాయి, వాటిలో ఇవి పెట్టుకోకూడదన్నారు."

"ఏటి బాబూ, అందల ఎండ ఉండదా?"

"ఎండ ఉంటుంది. కానీ అందులో ముల్లు తిరిగే మీటర్లు లేవు, అంకెలు చూపించే తెరలు. ఈ అద్దాల్లోంచి చూస్తే తెర నల్లబడిపోతుంది, అంకెలు కనపడవు."

"అంకెలు ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి. తెరలోంచి వెలుగు ఒక వాలులో వస్తుంది, ఈ అద్దం ఇంకో వాలు వెలుగునే రానిస్తుంది. రెండిటికీ పడకపోతే మనకి చీకటి. తల పక్కకి వాలిస్తే మళ్లీ కనపడతాయి."

మావయ్య అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "అంత ఎత్తున ఎండ ఏరే ఉంటాది బాబూ. కింద మాకేటి భయం నేదు" అని ఆయనకే ధైర్యం చెప్పి పంపించాడు.

ఆ అద్దాలు పెట్టుకున్నాక మావయ్య నడక మారింది. వాటికి రెండు వైపులా నల్లటి తాడు కట్టించి మెడలో వేసుకున్నాడు. కూరగాయల బజారుకీ అవే, ఇంజన్‌లోకీ అవే. "ఎరుపు ఎరుపుగానే ఉంది, పచ్చ పచ్చగానే ఉంది, పట్టాలు మాత్రం సల్లగా కనపడతన్నాయి" అని మురిసిపోయేవాడు. ఒక ఆదివారం చర్చిలో కూడా తియ్యకపోతే పాస్టరుగారు గుమ్మంలో ఆపి, "మందిరంలో ఎండ లేదు కదండీ" అన్నారు. "తమరి ప్రసంగం యెలుగు ఎక్కువయ్యగారూ, తట్టుకోలేకపోతన్నాను" అన్నాడు మావయ్య. అయ్యగారు మూడు వారాలు ఆయన వైపు చూసి ప్రసంగించలేదు.

ఇంక విమానం కథ. దాన్ని ఆయన మంగలి దగ్గర చెప్పాడు, టీ కొట్లో చెప్పాడు, పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి కూడా చెప్పాడు. కొత్త విమానంలో అంకెలు మాయమైపోవడం, మన ఆఫీసరు భోరుమనడం (ఆయన భోరుమన్నది పాట విని, కానీ కథలో ఇక్కడికి వచ్చేసింది), చివర కోడిలా తల ఒక పక్కకి వాల్చి ఆకాశంలో అంకెలు వెతుక్కోవడం. ఆ తల వాల్చే ఘట్టం కోసం మేమందరం కాచుకుని ఉండేవాళ్లం. అత్త మాత్రం కూర కలుపుతూ ఆయనకన్నా ఒక మాట ముందే అనేసేది.

రెండేళ్లు గడిచాయేమో, మావయ్య నడిపే ఇంజన్‌లో పాత స్పీడు మీటరు తీసేసి, పరీక్ష కోసమని కొత్తది బిగించారు. అందులో ముల్లు లేదు. బూడిదరంగు తెర మీద నల్లటి అంకెలు.

మొదటి రోజు పగటి బండి. మావయ్య చూస్తే తెర నల్లగా ఉంది. మీటరు చచ్చిపోయిందని షెడ్డులో రాయించాడు. ఫిట్టరు చూసి, బాగానే ఉందన్నాడు. మర్నాడు మళ్లీ నలుపు, మళ్లీ ఫిర్యాదు, మళ్లీ బాగానే ఉంది. మూడోసారి ఫిట్టరు, బెంగాలీ వాళ్లు అన్నని పిలిచినట్టు, "దాదా, ఈ మీటరు మీదేమైనా పగా?" అని అడిగాడట. ఆ రాత్రి డ్యూటీలో చూస్తే అంకెలు ముత్యాల్లా కనిపించాయి. తెల్లారి ఎండ రాగానే పోయాయి.

మావయ్యకి అప్పుడు అనుమానం మీటరు మీంచి తన మీదకి మళ్లింది. తెల్లారగానే ఆయన ఏం పెట్టుకుంటాడో పాఠకులకి ఈపాటికి తట్టి ఉంటుంది. మావయ్యకి తట్టలేదు. పైగా కళ్లు పోతున్నాయన్న భయం పెరిగేకొద్దీ, కళ్లని కాపాడుకోవాలని ఆ అద్దాలే ఇంకా గట్టిగా పెట్టుకున్నాడు. తాడు కూడా బిగించాడు.

ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. డ్రైవర్లకి రైల్వే ఆస్పత్రిలో కళ్ల పరీక్ష తప్పదు. చూపు తగ్గిందని తేలితే ఇంజన్ దించేసి షెడ్డులో ఏదో కుర్చీ చూపిస్తారు. ఆ ఏడు ఆయనకి మెయిల్ డ్రైవరుగా ప్రమోషను రావాల్సి ఉంది. మెయిలు బండి నడపడం కోసమే ఆయన బొగ్గు ఇంజన్ల రోజుల నుంచీ ఆ పని పట్టుకుని ఉన్నాడు. అది చేతికందే వేళకి మనిషికి పగలు అంకెలు కనపడటం లేదు.

ఎవరికీ చెప్పలేదు. అత్తతో, "పొన్నగంటి కూర తిని శానా రోజులైనాది" అన్నాడు. కళ్లకి మంచిదని ఊళ్లో అందరికీ తెలుసు గానీ, అత్త ఏదో కోరిక అనుకుని వండింది. మర్నాడూ అడిగాడు. పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పులుసు. మధ్యలో మేక కార్జం, మునగాకు. "మీ మావయ్యకి ఏవిళ్లు పట్టుకున్నాయే" అంది అత్త నాతో.

ఇంజన్‌లో మాత్రం ఒక ఉపాయం చేశాడు. ఆయన అసిస్టెంటు ఒక బెంగాలీ దాదా, ఇంచుమించు ఆయన వయసువాడే, నెమ్మదస్తుడు; ఇద్దరూ ఒకరినొకరు దాదా అనే పిలుచుకునేవాళ్లు. సిగ్నల్ చెప్పుకోవడం అయ్యాక మావయ్య "దాదా, స్పీడ్ కొతో?" అని అడిగేవాడు, స్పీడ్ ఎంత అని. దాదా మీటరు చూసి "షాట్" అనేవాడు. అరవై అని. మావయ్య "షాట్" అని తిరిగి చెప్పేవాడు. ఇది కొత్త నియమం కాబోలనుకున్నాడు దాదా. వెళ్లి మిగతా అసిస్టెంట్లకి చెప్పాడు. నెల తిరక్కుండా షెడ్డులో సగం మంది డ్రైవర్లు స్పీడు అడిగి చెప్పించుకుంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. అధికారి ఒకాయన ఇంజన్ ఎక్కి చూసి, క్రమశిక్షణ చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లాడు.

అప్పుడు నేను కాలేజీలో కామర్స్ చదువుతున్నాను. నాకు క్యాలిక్యులేటర్ కొనిపెడతానని మావయ్య తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ప్రేమ్ బజార్ తీసుకెళ్లాడు. ఇంజనీరింగు కాలేజీ గేటు దగ్గర పుస్తకాల కొట్లు వరసగా ఉంటాయి. మిట్ట మధ్యాహ్నం, కొట్టు బయట నిలబడ్డాం. కొట్టతను ఒకటి తీసి మీటలు నొక్కి చూపించాడు. మావయ్య వంగి చూసి, "ఎటా ఖారాప్" అన్నాడు.

"ఖారాప్ కేనో హోబే?" అని కొట్టతను రెండోది తీశాడు. పాడయిందని ఎలా అంటారని అతని బాధ. రెండోదీ పాడన్నాడు మావయ్య. మూడోది, నాలుగోది. కొట్టతనికి కోపం వచ్చి ఉన్నవన్నీ బల్ల మీద పరిచి, అన్నిటి మీదా ఎనిమిదులు నొక్కాడు. నాకు బల్లంతా ఎనిమిదులే కనిపిస్తున్నాయి.

"అన్నీ పనిచేస్తున్నాయి కదా మావయ్యా," అన్నాను.

"నీకు కనపడతన్నాయా?"

"కనపడుతున్నాయి."

మావయ్య చేతికందింది ఒకటి తీసి నాకిచ్చాడు. తిరుగుదారిలో సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. కొంతదూరం పోయాక ఒక చెట్టు నీడన ఆగి చెప్పాడు.

"రేసీకటి ఉన్నోడికి రాత్రి కనపడదు. నాకు పగలు కనపడ్డం నేదే అమ్మీ. మనుసులు కనపడతారు, సిగ్నలు కనపడతాది, అంకెలే కనపడవు. ఇది పగటిసీకటి. మన ఒంసంలో ఎవులికీ నేదు."

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. మా మావయ్య అంత చిన్నగా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అద్దాల కింద నుంచి చెంప మీదకి నీళ్లు కారుతుంటే, అద్దాలు తియ్యకుండానే చేతిరుమాలు కిందనుంచి దూర్చి తుడుచుకున్నాడు. ఒక్కసారి తీసుంటే ఆ చెట్టు కిందే కథ ముగిసేది.

"అత్తకి సెప్పకు. నానే సెప్తాను. సోమారం ఆఫీసుకెళ్లి, నా కళ్లు బాగోనేదు, నన్ను దించేయండని సెప్పేస్తాను. నాను తలుపులేసుకుని పొన్నగంటి కూర తింతే సరిపోతాదేటి? నా యెనక బోగీల నిండా జనం నిద్దరోతారు. ఆలు నన్ను నమ్మి పడుకున్నారు."

మెయిలు బండి ఊసు ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద పుట్టిన గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది. భయపడినవాడే, దాచినవాడే, కానీ తనంత తాను దిగిపోవడానికి సిద్ధపడ్డాడు.

శనివారం అత్తకి చెప్పాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పోన్లే, ఇంటి కాడ ఉందువు గాని" అంది. మరునాడు ఆదివారం దాదాని భోజనానికి పిలిచారు. ఆఫీసులో చెప్పేముందు దాదాకి చెప్పాలని మావయ్య పట్టుదల.

భోజనాల దగ్గర అందరం తలలు దించుకుని తింటున్నాం. కూర పొన్నగంటే. మావయ్య ముందుగదిలో తలుపు పక్కన కూర్చున్నాడు. ఎండ కాళ్ల మీదకి పడుతోందని నల్లద్దాలు పెట్టుకునే తింటున్నాడు. ఏం జరిగిందో దాదాకి తెలీదు గానీ ఇంట్లో ఏదో బాగోలేదని మాత్రం గ్రహించాడు. మావయ్యని హుషారు చెయ్యాలని ఆయనకి తోచిన మందు ఒకటే.

"దాదా, ఓయీ ప్లేనేర్ గొల్పోటా బోలో" అన్నాడు. ఆ విమానం కథ చెప్పు అని.

మావయ్య వద్దన్నాడు. దాదా బతిమాలాడు. ఇంటికొచ్చిన అతిథి మాట తీసెయ్యలేక, నీరసంగా మొదలుపెట్టాడు. ఆఫీసరు వచ్చాడు, కోడికూర తిన్నాడు, అద్దాలిచ్చాడు.

"మరేటంటే దాదా, ఆ ఇమానంలో ముల్లు మీటరు నేదు. అన్నీ అంకెలే. ఈ అద్దాలెట్టుకుని సూస్తే ఆ అంకెలు..."

అక్కడ ఆగిపోయాడు. అన్నం ముద్ద చేతిలో ఉంది.

"మాయమైపోతాయి" అని అలవాటు ప్రకారం అందించింది అత్త, వంటింట్లోంచి.

మావయ్య ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. లేచాడు. ఎంగిలి చేత్తోనే నా సంచీలోంచి క్యాలిక్యులేటర్ తీసి గుమ్మంలో నిలబడి నొక్కాడు. చూశాడు. అద్దాలు నుదుటి మీదకి నెట్టి చూశాడు. మళ్లీ దించి చూశాడు. తర్వాత మెల్లిగా, మేము వందసార్లు చూసి నవ్విన అదే కోడి తలని, ఒక పక్కకి వాల్చాడు.

"అంకెలు!" అన్నాడు.

బదులు కోసం మా వైపు తిరిగి "అంకెలు!" అని మళ్లీ కేకేశాడు. నేను లేచి చూసి "అంకెలు!" అని అరిచాను. దాదాకి ఏమీ అర్థం కాకపోయినా నియమం నియమమే కదా, ఆయన కూడా "ఒంకెలు!" అన్నాడు. అద్దాలు ఆయన ముక్కు మీదకి వెళ్లాయి. "ఓ మా!" అని ఆయనా తల వాల్చాడు. ముందుగదిలో ఇద్దరు పెద్దమనుషులు ఎంగిలి చేతులతో తలలు అటూ ఇటూ వాలుస్తూ నిలబడ్డారు. మావయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పలేని స్థితిలో గోడకి చేరబడిపోయాడు.

అత్త గరిటెతో బయటికి వచ్చింది. విషయం విన్నది.

"ఏటయ్యా, అద్దాలు తీసి ఒకపాలి సూడలేకపోనావా? మరి ఇన్నాళ్లూ నాను తరిగిన పొన్నగంటి కూరంతా ఏటయినాది?"

సోమవారం ఆయన ఆఫీసుకి వెళ్లలేదు. కళ్ల పరీక్ష వచ్చినప్పుడు చివరి వరసలో చీమంత అక్షరాలు కూడా చదివేసి వచ్చాడు. అది తన కూర మహిమేనని అత్త ఇప్పటికీ వాదిస్తూనే ఉంటుంది. మెయిలు బండి మొదటిసారి తీసుకెళ్లిన రోజు మేమందరం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఆయన తల బయటపెట్టి, వట్టి కళ్లతో, ఎండకి చికిలిస్తూ మా వైపు చెయ్యూపాడు. అద్దాలు ఇంట్లో మేకుకి వేలాడుతున్నాయి. దాదాని స్పీడు అడగడం మాత్రం రిటైరయ్యేదాకా మానలేదు. "కంటిని అనుమానించే ముందు, కంటికి అడ్డం ఏటుందో సూసుకో" అనే మాట అప్పట్నుంచి ఆయన నోట్లో ఊతపదమైంది. పెళ్లి సంబంధాలకీ అదే, చర్చి కమిటీ తగాదాలకీ అదే.

పెద్దవయసులో నిజంగానే కంట్లో శుక్లం వచ్చి ఆపరేషను అయింది. డాక్టరు నల్లద్దాలిస్తే, "ఇయ్యి ఇమానం వోళ్లియ్యా?" అని అడిగి, కాదన్నాకే పెట్టుకున్నాడట.

రిటైరయ్యాక ఖరగ్‌పూర్‌లోనే వాళ్లు కట్టుకున్న ఇంటికి నేను వెళ్లేసరికి పెట్టె ముందుగదిలో ఉంది. కర్ర ఊతంతో దాదా వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక, అందరూ మూగబోయి కూర్చుంటే విమానం కథ ఆ దాదాయే ఎత్తుకున్నాడు. బెంగాలీలో. తల వాల్చే ఘట్టం వచ్చేసరికి మెడ పట్టేసి, ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. నవ్వని వాళ్లు లేరు. అత్త కూడా నవ్వి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వదిన ఆ అద్దాలు తెచ్చి నాకిచ్చింది. తాడు మారింది గానీ అద్దాలు అవే. తలుపు పక్కన మావయ్య కూర్చునే చోట కూర్చుని పెట్టుకున్నాను. కాళ్ల మీద ఎండ పడుతోంది. ఎందుకో ఫోను తీసి, వదిన పంపిన మెసేజి తెరిచాను. కొత్త ఫోన్లయితే అలా అవుతుందో లేదో, నాది పాతది, తెరంతా నల్లగా ఉంది. అక్కడ ఏ కబురూ లేదు. మావయ్య ఎక్కడికీ వెళ్లలేదు. తల కొంచెం వాలిస్తే చాలు, మళ్లీ వెళ్లిపోతాడు.

వంటింట్లోంచి అత్త గొంతు వినపడింది. "అన్నం పెట్టేసినాను."

అత్త వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది, బదులు రావాలి కదా.

నేను తల నిటారుగానే ఉంచుకుని, "అన్నం పెట్టేసినావు" అన్నాను.